పాత జీపును ఇంట్లోనే తిరిగి కట్టుకోవాలంటే: ఏ బండి, ఏ పద్ధతి, ఏ ఇంజిన్?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగే మాట, "ఇంజిన్ స్టార్ట్ అవుతుందా?" నన్నడిగితే అది అన్నిటికన్నా చివర అడగాల్సిన ప్రశ్న. ఇంజిన్ ఆగిపోయి ఉంటే దించి, విప్పి, అరిగిన భాగాలను మెషిన్ షాపుకు పంపి మళ్లీ బిగించుకోవచ్చు. దానికి తెలిసిన దారి ఉంది. ఛాసిస్‌ను (బాడీ, ఇంజిన్ అన్నిటినీ మోసే ఉక్కు చట్రాన్ని) లోపలి నుంచి తుప్పు తినేసిన బండి మాత్రం స్టార్ట్ అయినా ఒకటే, కాకపోయినా ఒకటే.

నేను మొదటి బండిని ఇంజిన్ శబ్దం విని మురిసిపోయి కొన్నాను. ఇంటికి తెచ్చాక వెనక అడ్డ దూలాన్ని చిన్న సుత్తితో తట్టాను. టంగుమనాల్సింది తుస్సుమంది. రెండో దెబ్బకు సుత్తి లోపలికి దిగింది. పైన నల్ల రంగు దట్టంగా పూసి ఉంది, దాని కింద ఇనుము లేదు. అప్పటి నుంచి ఏ బండి చూడ్డానికి వెళ్లినా సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, ఒక అయస్కాంతం వెంట ఉంటాయి. రంగు కింద పుట్టీ దట్టంగా పెట్టిన చోట అయస్కాంతం అతుక్కోదు. (ల్యాండ్ రోవర్ రేకులకు ఎలాగూ అతుక్కోదు, అవి అల్యూమినియం. అక్కడ కంగారు పడకండి.)

## ముందుగా తేల్చుకోవాల్సినవి

బండి పేరు, మోడలు తర్వాత. ముందు చూడాల్సింది తుప్పు ఎక్కడ ఉంది అన్నది. ఎంత ఉంది అన్నది ఆ తర్వాతి మాట. ఫ్లోరులో కాలు పట్టేంత కన్నం ఉంటే చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది గానీ, అది రేకు పని. కత్తిరించి కొత్త ముక్క అతికించడం నేర్చుకుంటూ చేయవచ్చు, వంకర వచ్చినా పైన మ్యాటు పరుస్తాం. అదే ఛాసిస్‌లో కమాన్ పట్టీల బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించే చోట అరచేయంత తుప్పు ఉంటే, అది చూడ్డానికి చిన్నదైనా పని పెద్దది. అక్కడ కొలత కొంచెం తేడా వచ్చినా బండి రోడ్డు మీద ఒక పక్కకు లాగుతుంది.

ఛాసిస్ వంకర పోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఛాసిస్ మీద రెండు వైపులా ఒకేలా ఉండే బిందువులు ఎంచుకోండి. కమాన్ పట్టీల పిన్నులు ఇందుకు బాగుంటాయి. దారానికి గుండు కట్టి వేలాడదీసి ప్రతి బిందువునూ నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత బండిని జరిపి, మూల నుంచి మూలకు టేపుతో కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. ఎక్కువ తేడా ఉంటే ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిన బండి అని లెక్క.

రెండోది చోటు. బాడీ ఎత్తేసిన బండి అంటే ఒకటి కాదు, మూడు వస్తువులు: చక్రాల మీద ఛాసిస్, పక్కన బాడీ, ఇంకో పక్క ఇంజిన్, గేర్‌బాక్సు, సీట్లు, తలుపులు. ఒక్క బండి పట్టే షెడ్డులో ఇది సాగదు.

మూడోది సమయం. మొత్తం ఎన్ని గంటలు దొరుకుతాయన్నది కాదు, అవి ఎలా దొరుకుతాయన్నది చూడండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు దొరికేవాడికి, నెల రోజులు సెలవు పెట్టుకోగలవాడికి పద్ధతి ఒకటే ఎలా అవుతుంది? రెండు గంటల్లో అరగంట "పోయిన వారం ఎక్కడ ఆపాను" అని గుర్తు చేసుకోవడానికే పోతుంది.

మిగతావి మూడు. విడిభాగాలు మీకు అందుతాయా, వెల్డింగ్ వచ్చా (రాకపోతే నేర్చుకునే ఓపిక ఉందా), బండి తయారయ్యాక దాంతో ఏం చేస్తారు. వీటితో పాటు మీరుండే చోట రిజిస్ట్రేషన్ నిబంధనలు ముందే కనుక్కోండి. ఛాసిస్ మార్చడం, ఇంజిన్ మార్చడం కొన్నిచోట్ల కాగితం పని, కొన్నిచోట్ల అసలు కుదరని పని. అంతా బిగించాక తెలిస్తే అంతకన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు.

## ఏ బండి?

ఇంట్లో కట్టుకోవడానికి ప్రపంచమంతటా ఎక్కువమంది ఎంచుకునే పాత బండ్లు నాలుగు కుటుంబాలు. నాలుగింటికీ విడిగా ఛాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. ఇంట్లో విప్పి కట్టుకోవడం కుదిరేది అందుకే.

| | విల్లీస్ తరహా జీపు | ల్యాండ్ రోవర్ సిరీస్ | టొయోటా ల్యాండ్ క్రూజర్ 40 | సుజుకీ ఎస్‌జే |
|---|---|---|---|---|
| కాలం | 1941 నుంచి | 1948–1985 | 1960–1984 | 1981 నుంచి |
| బాడీ | ఇనుప రేకు | ఎక్కువగా అల్యూమినియం మిశ్రమం | ఇనుప రేకు | పలుచని ఇనుప రేకు |
| పెట్రోలు ఇంజిన్ | 2.2 లీటర్లు, 4 సిలిండర్లు | ఎక్కువగా 2.25 లీటర్లు, 4 సిలిండర్లు | 3.9, తర్వాత 4.2 లీటర్లు, 6 సిలిండర్లు | 970 సీసీ లేదా 1.3 లీటర్లు, 4 సిలిండర్లు |
| ముందు చూడాల్సిన తుప్పు | ఫ్లోరు కింది పట్టీలు | ఛాసిస్, ముందు గోడ | వెనక ఫ్లోరు, వెనక చక్రాల చుట్టూ | ఫ్లోరు, బాడీ మౌంట్లు |
| ఒంటరిగా పని | ఫరవాలేదు | బాడీ వరకు సులువు | కష్టం | అన్నిటికన్నా సులువు |

ల్యాండ్ రోవర్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. 1948లో ఆమ్‌స్టర్‌డ్యామ్ మోటార్ షోలో ఈ బండి బయటికొచ్చేనాటికి యుద్ధం తర్వాత ఉక్కుకు కరువు. అందుకే బాడీకి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమం వాడారు. "అల్యూమినియం బాడీ, తుప్పు పట్టదు" అన్న మాట అక్కడ పుట్టింది. బాడీ వరకు నిజమే. కానీ దాని కింద ఉన్న ఛాసిస్ ఉక్కు రేకులతో పెట్టెలా అతికించింది. లోపల బోలు. బురద, నీళ్లు లోపలికి పోయి బయటికి రావు, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పైకి కనపడేసరికి గోడ కాగితమంత మిగులుతుంది. ఇంజిన్‌కూ డ్రైవరుకూ మధ్య ఉండే ముందు గోడ కూడా ఉక్కే. కాళ్లు పెట్టుకునే చోట, తలుపు కీళ్ల దగ్గర అది ముందు పోతుంది. దానికి తోడు అల్యూమినియం, ఉక్కు తగిలే చోట తడి చేరితే అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు మధ్యలో రబ్బరు పట్టీ గానీ సీలెంటు గానీ పెట్టకపోతే కొన్నేళ్లకు మళ్లీ అదే కథ.

ఇంత చెప్పాక కూడా, స్పానర్ పట్టడం ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు ఈ బండి మంచిదే అంటాను. రేకులన్నీ దాదాపు చదునుగా ఉంటాయి, విడివిడిగా బోల్టులు విప్పితే ఒక్కొక్కటిగా ఊడొస్తాయి. ఇద్దరుంటే క్రేను లేకుండానే బాడీ అంతా దించేయవచ్చు. 1971లో వచ్చిన సిరీస్ 3కి గేర్‌బాక్సులో అన్ని ముందు గేర్లకూ సింక్రో (గేరు కీచుమనకుండా మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) ఉంటుంది. అంతకు ముందు వాటికి మూడు, నాలుగు గేర్లకే. రోజూ నడపాలనుకుంటే ఈ తేడా కాలికి, చేతికి తెలుస్తుంది.

సుజుకీ ఎస్‌జే టన్ను లోపు బండి. ఇంట్లో కట్టుకునేవాడికి ఇంతకు మించిన వరం లేదు. ఇంజిన్ చిన్న చైన్ బ్లాకుతో పైకి వస్తుంది, యాక్సిల్‌ను ఇద్దరు మోయగలరు. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, విడిగా మధ్యలో ఉంటుంది, చిన్న షాఫ్టుతో కలుపుతారు. కాబట్టి గేర్‌బాక్సు దించాలంటే అంత బరువు ఒక్కసారిగా మీద పడదు. 970 సీసీ ఇంజిన్ బ్లాకు పోత ఇనుము, మొండిది. 1.3 లీటర్లదానికి బ్లాకు కూడా అల్యూమినియమే. శక్తి ఎక్కువ, వేడెక్కితే ఓర్చుకునే గుణం తక్కువ. పాత రేడియేటరుతో దాన్ని నడపొద్దు. రేకు పలుచన కాబట్టి వెల్డింగ్ కొత్తవాళ్ల చేతిలో కన్నాలు పడతాయి. పక్కపక్కనే లాగకుండా ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క దూరంగా వేసి చల్లారనిస్తూ పోవాలి.

విల్లీస్ తరహా జీపులు అంటే 1941–45 నాటి సైన్యపు ఎంబీ, యుద్ధం తర్వాత పౌరుల కోసం వచ్చిన సీజే వరస, లైసెన్సు మీద ఇతర దేశాల్లో తయారైనవి. మిత్సుబిషి 1953 నుంచి 1998 దాకా జీపులు చేస్తూనే ఉంది. ఇంతకాలం, ఇన్నిచోట్ల తయారైనందువల్ల విడిభాగాల కరువు తక్కువ. కొత్త బాడీ టబ్బులు కూడా దొరుకుతాయి. ఇబ్బంది వేరే ఉంది. డెబ్భై, ఎనభై ఏళ్లలో ప్రతి జీపునూ ఎవరో ఒకరు తమకు తోచినట్టు మార్చేసి ఉంటారు. ఒక బండి ముందు యాక్సిల్, ఇంకో బండి గేర్‌బాక్సు, మూడో బండి స్టీరింగ్. మాన్యువల్ ప్రకారం కొన్న భాగం సరిపోదు. కాబట్టి కొనేముందు భాగాల మీద పోత అంకెలు చదవండి. యుద్ధకాలపు రూపాన్ని అచ్చంగా తిరిగి తేవాలనుకుంటే అది వేరే వ్యసనం. బోల్టు తల మీద గుర్తు దగ్గర నుంచి వెతుక్కోవాలి.

ల్యాండ్ క్రూజర్ 40 నాలుగింటిలోకీ బలమైనది, బరువైనది. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఓపికగా పని చేస్తుంది. కానీ ఇంజిన్ దించాలంటే గట్టి క్రేను కావాలి, బాడీ ఎత్తాలంటే నలుగురు కావాలి, దీని మీద మోజు పెరగడంతో మంచి బండి చవగ్గా దొరకడం లేదు. ఇంతకు ముందు ఒక బండి కట్టిన అనుభవం ఉంటేనే దీని జోలికి వెళ్లమంటాను.

## ఏ పద్ధతి?

అసలు నిర్ణయం ఇది. సగంలో ఆగిపోయిన బండ్లు నేను చూసినన్నిటిలో పని రాక ఆగిపోయినవి తక్కువ. తమకు సరిపడని పద్ధతి ఎంచుకుని ఆగిపోయినవే ఎక్కువ.

### బాడీ ఎత్తి మొత్తం విప్పేయడం

ఛాసిస్ ఒక్కటే మిగిలేదాకా విప్పి, శుభ్రం చేసి, రంగు వేసి, కింది నుంచి పైకి ఒక్కొక్కటే కొత్తగా బిగించడం. ఫలితం అందంగా ఉంటుంది, తుప్పుకు దాక్కోవడానికి చోటుండదు. ఫొటోల్లో అందరూ చూసి ముచ్చటపడేది ఇదే.

విప్పడం రెండు వారాంతాల్లో అయిపోతుంది. చిక్కంతా అక్కడే. విప్పేటప్పుడు ప్రతి గంటకూ పని కనపడుతుంది, ఉత్సాహం పెరుగుతుంది. బిగించేటప్పుడు నెల గడిచినా బండి బండిలా కనపడదు. పైగా ఒక్క భాగం రాకపోతే మిగతావన్నీ ఆగుతాయి.

నా రెండో బండికి బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోశాను. "గుర్తుంటాయిలే" అనుకున్నాను. అది పాత ల్యాండ్ రోవర్. వాటిలో పాత బ్రిటిష్ మరలు, తర్వాత వచ్చిన యూఎన్ఎఫ్ అనే అమెరికన్ కొలత మరలు కలగలిసి ఉంటాయి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు తిరుగుతాయి కూడా, మూడో చుట్టుకు పట్టేసి మరను తినేస్తాయి. ఆ డబ్బాను వేరు చేయడానికే ఎన్నో సాయంత్రాలు పోయాయి. ఇప్పుడు విప్పిన బోల్టును కుదిరితే దాని కన్నంలోనే తిరిగి రెండు చుట్లు తిప్పి వదిలేస్తాను. కుదరకపోతే సంచి, చీటీ, ఫొటో. గొట్టాలు, వైర్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో విప్పక ముందు తీసిన ఫొటో బంగారం లాంటిది.

ఇంకో జాగ్రత్త. తలుపుల కింద రేకు పోయిన బాడీని ఉన్నపళంగా ఎత్తితే మధ్యలో కుంగుతుంది. తర్వాత తలుపులు పట్టవు. ఎత్తకముందే తలుపు సందుల్లో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బిగువు చేయాలి. కొత్త ఫ్లోరు పడి, బాడీ మళ్లీ ఛాసిస్ మీద కూర్చుని, తలుపులు సరిగ్గా పడ్డాకే వాటిని కోసేయాలి.

ఎవరికి: రెండు బండ్ల చోటున్నవాళ్లకు, వరసగా సమయం పెట్టగలిగేవాళ్లకు, లేదా ఛాసిస్ పోయి ఇక వేరే దారి లేనివాళ్లకు. ఛాసిస్ గట్టిగా ఉన్న బండిని కేవలం ఫొటోల మోజులో ఇలా విప్పకండి.

### బండి నడుస్తుండగానే ఒక్కో వ్యవస్థ

ఒకసారి ఒకటే వ్యవస్థ విప్పాలి. అది బిగించి, నడిపి చూసి, అప్పుడు రెండోది. ఇదొక్కటే నియమం, కానీ పాటించడం కష్టం. బ్రేకు పని చేస్తుంటే పక్కనున్న స్ప్రింగు బుష్ పిలుస్తుంది.

వరస నా లెక్కలో ఇలా ఉంటుంది. ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత ఇంధనం, వైరింగు, కూలింగు, ఆపైన ఆయిల్ సీళ్లు, బేరింగులు. చివరికి ఇంజిన్, బాడీ. ఆగలేని బండికి పరుగెందుకు?

బ్రేకుల దగ్గర కాస్త నిదానించాలి. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజం) ఉండే అవకాశం ఉంది. డ్రమ్ము తీయగానే గాలి కొట్టి దుమ్ము లేపొద్దు, తడిపి తుడిచి, సంచిలో కట్టి పారేయాలి. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగున్నా మార్చేయండి. బ్రేకు ఆయిల్ డబ్బా మీద రాసే రకాల్లో డాట్ 3, డాట్ 4 ఒక జాతి. డాట్ 5 సిలికాన్‌ది, వాటిలో కలపకూడదు. డాట్ 5.1 పేరులో దగ్గరే గానీ అది మళ్లీ మొదటి జాతే. ఇక్కడ పొరపడేవాళ్లు చాలామంది.

గేర్‌బాక్సు ఆయిల్ కూడా చూసి పోయాలి. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు ఇత్తడి లాంటి రాగి మిశ్రమాలతో చేసినవి. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు. జీఎల్-5 ఆయిల్లో డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండ్రటి పెట్టె) కోసం కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు వాటిని తినేయవచ్చు. మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయండి. "అంకె పెద్దది కాబట్టి మంచిది" అనుకోవద్దు.

ఈ పద్ధతిలో లోపం ఏమిటంటే పని ఎప్పటికీ పూర్తయినట్టుండదు, కొన్ని పనులు రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ఈ ఏడు బిగించిన సైలెన్సరును వచ్చే ఏడు గేర్‌బాక్సు కోసం మళ్లీ విప్పుతారు. కొత్త రంగు మీద గ్రీజు మరకలు పడతాయి. అయినా నెలకోసారైనా బండెక్కి తిరుగుతారు కదా. ఆ తిరుగుడే వచ్చే నెల పనికి ఊపిరి. వారానికి రెండు గంటలు దొరికేవాళ్లకు, బండి ఒక్కటే పట్టే చోటున్నవాళ్లకు, ఇదే మొదటి బండి అయినవాళ్లకు నా ఓటు దీనికే.

### యంత్రాలు బాగుచేసి, బాడీ ఉన్నదున్నట్టు

సొట్టలు, వెలిసిన రంగు అలాగే ఉంచి ఇంజిన్, గేర్లు, బ్రేకులు, స్టీరింగు మాత్రం కొత్తగా చేయడం. బురదలోకి, రాళ్లలోకి నిజంగా దించేవాళ్లకు ఇదే తెలివైన దారి. కొత్త రంగు వేసిన బండిని కొమ్మలు గీకితే మనసు విలవిల్లాడుతుంది. అయితే తుప్పును "పాతదనపు అందం" అని వదిలేయకండి. వదులుగా ఉన్నది వైర్ బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పూస్తే అది ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారి నిలబడుతుంది. లోపలి బోలు భాగాల్లోకి మైనం లాంటి తుప్పు నిరోధకం స్ప్రే చేయండి.

## ఛాసిస్: అతుకా, కొత్తదా?

అతుకు వేయాలంటే పాత రేకు మీద కొత్త ముక్క పరచి చుట్టూ వెల్డ్ చేయడం కాదు. అలా చేస్తే రెండింటి మధ్య తడి చేరి తుప్పు దాక్కుని పెరుగుతుంది. మంచి ఇనుము వచ్చేదాకా కోసేసి, అదే మందంలో ముక్క పెట్టాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి, లేకపోతే కొలత తప్పుతుంది. మూడు, నాలుగు చోట్ల లోపు అయితే అతుకు మేలు. అంతకు మించి, అందులోనూ కమాన్ బ్రాకెట్ల దగ్గర అయితే, కొత్త ఛాసిస్ గురించి ఆలోచించండి. మీకు వెల్డింగ్ కొత్త అయితే రేకు పని మీరు చేసుకోండి, ఛాసిస్ పని అనుభవం ఉన్నవాళ్ల చేత చేయించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

కొన్ని బండ్లకు, ముఖ్యంగా ల్యాండ్ రోవర్‌కు, జింకు పూత వేసిన కొత్త ఛాసిస్‌లు దొరుకుతాయి. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీస్తారు కాబట్టి లోపలి వైపు కూడా పూత పడుతుంది. తుప్పు బెడద చాలా ఏళ్లు మరిచిపోవచ్చు. కానీ తర్వాత దాని మీద బ్రాకెట్ వెల్డ్ చేయాల్సి వస్తే ముందు పూతను గ్రైండర్‌తో పూర్తిగా తీసేయాలి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలి జ్వరం వస్తుంది.

వెల్డింగ్ మాట వచ్చింది కాబట్టి రెండు హెచ్చరికలు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డ్ చేయకండి, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఖాళీ పెట్రోలు ట్యాంకుకు మంట చూపించకండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది.

## ఇంజిన్: ఉన్నదా, వేరేదా?

ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే ప్రతి సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో గేజితో కొలవడం. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే సంతోషించి, సీళ్లు, గ్యాస్కెట్లు మార్చి వదిలేయండి. ఒక పెట్రోలు సిలిండరులో తక్కువ వస్తే చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. రెండోదైతే చాలా ఇంజిన్లలో హెడ్ ఒక్కటి తీస్తే చాలు, ఇంజిన్ దించక్కర్లేదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా పూర్తి ఓవర్‌హాల్ మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు.

పాత ఇంజిన్లకు ఇప్పటి పెట్రోలుతో రెండు పేచీలు. సీసం కలిపిన పెట్రోలు ఉన్న రోజుల్లో ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్లను కాపాడేది. వాహనాలకు ఆ పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా, అక్కడా 2021లో ఆగిపోయింది. కాబట్టి హెడ్ ఎలాగూ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకోవడం మేలు. రెండోది ఇథనాల్. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పగులగొడుతుంది. ఇంధనపు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు తట్టుకునేవి వేయండి.

ఇక వేరే ఇంజిన్ పెట్టాలన్న కోరిక. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "పాతది 60 హార్స్‌పవరే, ఆధునిక డీజిల్ పెడితే ఎగిరిపోతుంది" అని. యుద్ధకాలపు విల్లీస్ శక్తి నిజంగానే 60 హార్స్‌పవర్. కానీ మిగతా బండినంతా ఆ అరవైకే కట్టారు. శక్తి పెంచితే గేర్‌బాక్సు, ఆ తర్వాత డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు, ఆపైన బ్రేకులు, ఒకదాని వెనక ఒకటి మీ దగ్గరకు వస్తాయి. పాత ల్యాండ్ రోవర్ వెనక యాక్సిల్ షాఫ్టులు అసలు ఇంజిన్‌తోనే విరిగేవి. ఇంజిన్ కొలత మారితే ప్రొపెల్లర్ షాఫ్టు (యాక్సిల్‌కు శక్తిని మోసుకెళ్లే పొడవాటి గొట్టం) వాలు మారుతుంది, అది మారితే జాయింట్లు వణుకుతాయి. మౌంట్లు, అడాప్టర్ ప్లేటు, రేడియేటరు, సైలెన్సరు, వైరింగు, అన్నీ మీరే కొలిచి చేయించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

బ్లాకు పగిలిపోయి, మరో బ్లాకు దొరకనప్పుడు ఇంజిన్ మార్చండి. ముందే ఎవరైనా చాలాసార్లు మీ బండికే పెట్టిన, అడాప్టర్ సిద్ధంగా దొరికే ఇంజిన్ అయితే ఇంకా మంచిది. రోజూ హైవే మీద దూరం పోవాలన్నదే కోరిక అయితే మాత్రం ఇంజిన్ కాదు, బండే మార్చుకోవాలి. కమాన్ పట్టీల మీద పొట్టిగా, ఎత్తుగా ఉండే ఈ బండ్లు వేగానికి పుట్టలేదు.

## వేరేవాళ్లు సగం విప్పి వదిలేసిన బండి

ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోని దారి, కానీ తరచూ ఎదురవుతుంది. ఛాసిస్‌కు రంగు వేసి ఉంటుంది, ఇంజిన్ "బాగుచేయించాం" అంటారు, మిగతాది పదిహేను అట్టపెట్టెల్లో ఉంటుంది. చవకగానే వస్తుంది. ఇదే మొదటి బండి అయితే వద్దు. విప్పింది మీరు కాదు కాబట్టి ఏది ఎక్కడిదో మీ చేతికి గుర్తుండదు. అదే మోడలు ఇంతకు ముందు ఒకటి కట్టి ఉంటే మాత్రం ఇంతకంటే లాభసాటి బేరం లేదు, ఎందుకంటే మురికి పనంతా ఎవరో చేసి పెట్టారు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు పార్ట్స్ పుస్తకం పట్టుకెళ్లి, పెట్టెలు తెరిపించి, పెద్ద భాగాల పేర్లు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోండి. ఇంజిన్ బాగుచేయించామంటే మెషిన్ షాపు బిల్లు, పిస్టన్ సైజు అడగండి. బిల్లు లేకపోతే సంప్ విప్పి క్రాంక్ బేరింగు ఒకటి చూపించమనండి. ఒప్పుకోకపోతే పాడైన ఇంజిన్ అనే లెక్క కట్టి బేరమాడండి. గ్రిల్లు, సీట్లు, లైట్లు లేకపోయినా దొరుకుతాయి. ట్రాన్స్‌ఫర్ కేసు, స్టీరింగ్ బాక్సు, విండ్‌స్క్రీన్ ఫ్రేము లేకపోతే నిదానించండి. ఛాసిస్ నంబరు కాగితాల్లో ఉన్నదానితో కలవకపోతే, ఎంత ముద్దొచ్చినా ఆ పెట్టెలు అక్కడే వదిలి వచ్చేయండి.